కొత్త బోర్డు కొనేముందు కార్డు తీసి చూడండి

ప్రశ్న: అలిపిరి దారిలో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. ధరల పట్టిక గోడ టీవీలో కనబడేలా మా అబ్బాయి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు బిగించి, చదువు కోసం చెన్నై వెళ్లాడు. మెట్లెక్కే భక్తుల కోసం తెల్లవారుజామునే తెరుస్తాం. మెయిన్ స్విచ్ వేస్తే ఒక్కోరోజు పట్టిక వస్తుంది, ఒక్కోరోజు ‘నో సిగ్నల్’ అని వస్తుంది. బోర్డు మీద ఎర్ర లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. బోర్డు పోయింది, కొత్తది కొనమంటున్నారు. కొనాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కొనకండి అమ్మా. ఒక్కోరోజు పనిచేస్తోందంటే బోర్డు బతికే ఉంది. నా అనుమానమంతా మీ మెయిన్ స్విచ్ మీదే. టీవీ, బోర్డు రెండూ దానితోనే మొదలవుతున్నాయి. బోర్డుకు కరెంటు రాగానే, కేబుల్ అవతల తెర ఉందా, దానికి ఎంత కొలత బొమ్మ కావాలి అని ఆరా తీస్తుంది. అప్పటికి టీవీ ఇంకా సిద్ధం కాకపోతే జవాబు రాదు. తెర లేదనుకుని బోర్డు బొమ్మ పంపదు. తర్వాత టీవీ వెలిగినా చాలాసార్లు ప్రయోజనం ఉండదు.

రేపటి నుంచి ముందుగా టీవీ వేయండి. అది పూర్తిగా వెలిగాక బోర్డుకు కరెంటు ఇవ్వండి. కొన్నాళ్లు ఇలా చేసి పట్టిక తప్పకుండా వస్తుంటే కారణం అదే.

అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు శాశ్వతంగా సరిచేయవచ్చు. బోర్డులోని మెమరీ కార్డును కంప్యూటర్‌లో పెడితే ‘బూట్’ అనే విభాగంలో ‘సీఎండీలైన్.టీఎక్స్‌టీ’ అనే ఫైలు ఉంటుంది. అందులో ఉన్నది ఒకే వరుస. దాని చివర ఒక ఖాళీ వదిలి, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘వీడియో=హెచ్‌డీఎంఐ-ఏ-1:1920ఎక్స్1080@60డి’ అని చేర్చాలి. ‘వీడియో’, ‘ఎక్స్’ చిన్న అక్షరాలు, మిగిలినవి పెద్దవి. చివరి ‘డి’ ముఖ్యం: టీవీ పలకకపోయినా బొమ్మ పంపమని చెప్పేది అదే. కొత్త వరుస మొదలుపెడితే పనిచేయదు. టీవీ ఉందనుకోమని బోర్డుకు చెప్పే ‘హాట్‌ప్లగ్’ చిట్కా చాలామంది చెబుతారు, అది బొమ్మను నడిపే పాత ప్రోగ్రామ్‌కు (డ్రైవర్‌కు) సంబంధించినది, కొత్త సిస్టమ్ దాన్ని పట్టించుకోదు.

అప్పటికీ తెర నల్లగానే ఉంటే, కరెంటు తీసేసి కార్డు బయటకు లాగి, కార్డు లేకుండానే మళ్లీ కరెంటు ఇవ్వండి. బోర్డును మొదలుపెట్టే ప్రోగ్రామ్ (బూట్‌లోడర్) 2020 ఏప్రిల్ తర్వాత వచ్చినదైతే, కాసేపటికి బోర్డు వివరాలు తెర మీద కనబడతాయి. కనబడితే బోర్డు, కేబుల్, టీవీ మూడూ బాగున్నట్టే, తప్పు కార్డులో ఉంది. ఇంత తేలిక పరీక్ష చేయకుండానే మంచి బోర్డులను పక్కన పడేస్తున్నారు, నాకు బాధగా ఉంటుంది.

మీ బోర్డుకు టీవీ కేబుల్ పెట్టే హెచ్‌డీఎంఐ పోర్టులు రెండుంటాయి. కరెంటు పోర్టుకు దగ్గరగా ఉన్నదే వాడండి. కేబుల్ మార్చాల్సి వస్తే ‘మైక్రో’ అని నొక్కి చెప్పండి. ‘మినీ’ ఇందులో పట్టదు. వేలాడే కేబుల్ బరువు చిన్న పిన్ను మీద పడకుండా గోడకు క్లిప్పు వేయండి. కరెంటు అడాప్టర్ 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇవ్వాలి. వోల్టేజీ 4.63 దరిదాపులకు పడిపోతే ఎర్ర లైటు ఆరిపోతుంది లేదా మినుకుతుంది.

మీరు అడగని ఒక మాట. రాత్రి కొట్టు మూసేటప్పుడు కరెంటు ఠక్కున తీసేస్తే కార్డులోని ఫైళ్లు చెడిపోవచ్చు. పట్టిక రోజూ మారదు కాబట్టి, ‘రాస్పీ-కాన్ఫిగ్’ అనే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో ‘ఓవర్‌లే ఫైల్ సిస్టమ్’ పెట్టించుకోండి. అప్పుడు కార్డు మీద ఏదీ రాయబడదు. ధరలు మార్చేటప్పుడు మాత్రం దాన్ని తీసేయాలి. ఆకుపచ్చ లైటు నాలుగేసి సార్లు మినుకుతుంటే బోర్డుకు మొదలయ్యే ఫైలు దొరకనట్టు. అలాంటప్పుడు వాడుకోవడానికి, ఇదంతా ఎక్కించిన రెండో కార్డు ఒకటి గల్లాపెట్టెలో ఉంచండి.

ప్రశ్న: బడిలో పాత వీజీఏ మానిటర్లున్నాయి. రాస్ప్‌బెర్రీ పై 4కు హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే అడాప్టర్ పెడితే బొమ్మ వచ్చి వచ్చి పోతోంది.
– ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మాస్టారూ, అలాంటి అడాప్టర్‌లో బొమ్మను మార్చే చిప్ ఉంటుంది, దానికి కరెంటు కావాలి. హెచ్‌డీఎంఐ పోర్టు ఇచ్చేది చాలా కొద్ది. విడిగా కరెంటు ఇచ్చే రంధ్రం ఉన్న అడాప్టర్ కొని, దానికి వేరే ఛార్జర్ పెట్టండి. మానిటర్ చతురస్రంలా ఉండే పాత రకమైతే, పైన చెప్పిన వరుసలో 1920ఎక్స్1080 బదులు 1024ఎక్స్768 రాయండి.