జాతీయ గీతం పాడని పిల్లవాణ్ణి బడి ఏం చేయొచ్చు?

మీరు అడిగింది ఇది: మీ అబ్బాయి స్కూల్లో అసెంబ్లీ అప్పుడు జాతీయ గీతం పాడని పిల్లల్ని గుర్తుపట్టి, మిగతావాళ్లు క్లాసులకు వెళ్లాక ఫస్ట్ పీరియడ్ అయ్యేదాకా గ్రౌండ్‌లోనే నిలబెడుతున్నారు. బడి అలా చేయొచ్చా? అసలు పాడటం తప్పనిసరి చేయడం మంచిదేనా?

ముందు జవాబు చెప్పేస్తాను. జాతీయ గీతం బడిలో రోజూ ఉండాలి. అది నడుస్తున్నంతసేపూ అందరూ అల్లరి చేయకుండా నిటారుగా నిలబడాలి. ఇంతవరకు బడి పట్టుబట్టొచ్చు, పట్టుబట్టాలి కూడా. పెదాలు కదపలేదని శిక్షించడం మాత్రం చట్టం ముందు నిలవదు. దానివల్ల పాటకు ఒరిగేదీ ఏమీ లేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైన మాస్టారిని. పీఈటీ (వ్యాయామం మాస్టారు) పోస్టు ఖాళీగా ఉన్న బడుల్లో ప్రార్థన జరిపించే పని తిరిగి తిరిగి సోషల్ వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. జెండా, రాజ్యాంగం, ప్రతిజ్ఞ అన్నీ మీ సబ్జెక్టే కదా అని హెచ్ఎంల (హెడ్మాస్టర్ల) లెక్క. అలా సావధాన్, విశ్రామ్ చెప్పడం, లైన్లు సరిచేయడం, వార్తలు చదివే పిల్లల్ని తయారుచేయడం ఏళ్ల తరబడి చేశాను. కాబట్టి అసెంబ్లీలో మాస్టారు నిలబడే చోటు నుంచి చూస్తే ఈ సంగతి ఎలా కనిపిస్తుందో చెబుతాను.

నోటీసు బోర్డు మీద 'తప్పనిసరి' అని రాయడం సులువే. రాశాక దాన్ని అమలు చేసేవాడు ఒకడు కావాలి. గీతం పూర్తిగా పాడటానికి పట్టేది సుమారు 52 సెకన్లు. ఆ కాస్త సమయంలో వందల మంది పిల్లల మధ్య తిరుగుతూ ఎవరి మూతి కదులుతోందో, ఎవరిది కదలడం లేదో చూడాలి. అంటే ఆ మాస్టారు తాను నిటారుగా నిలబడడు, తాను పాడడు. జాతీయ గీతం నడుస్తుండగా అటూ ఇటూ తిరిగే ఏకైక మనిషి ఆయనే! ఒక బడిలో కొత్తగా వచ్చిన హెచ్ఎం గారు నాకు ఈ పని అప్పజెబితే ఇదే మాట అన్నాను. ఆయన నవ్వి, "అయితే క్లాస్ లీడర్లకు చెప్పండి మాస్టారూ" అన్నారు. లీడర్లు పేర్లు రాసుకురావడం మొదలైంది.

ఆ కాగితాల్లో ఎవరి పేర్లు వచ్చాయో చెప్పాలి. గొంతు మారుతున్న తొమ్మిదో తరగతి మగపిల్లలు, పాడితే గొంతు ఎటు పోతుందో తెలియక నోరు బిగించుకునేవాళ్లు. పొద్దున ఏమీ తినకుండా వచ్చి నీరసంగా నిలబడ్డవాళ్లు. సగం మాటలు రానివాళ్లు, తప్పు పాడితే పక్కవాడు నవ్వుతాడని భయపడేవాళ్లు. ఇంకా, ముందు రోజు లీడర్‌తో గొడవపడినవాళ్లు. లిస్టులు రాసే ప్రతిచోటా ఈ చివరి రకం తప్పకుండా ఉంటుంది. దేశమంటే గౌరవం లేనివాడని చెప్పదగ్గ పిల్లవాడు మాత్రం అందులో నాకు ఒక్కడూ కనిపించలేదు. పాట మీద ఏ ధ్యాసా లేకుండా మూతి మాత్రం ఆడించినవాడి పేరు ఏ లిస్టులోనూ లేదు. కొన్నాళ్లకు హెచ్ఎం గారికే విసుగొచ్చి ఆ కాగితాలు అడగడం మానేశారు.

ఇక చట్టం. ఇదేమీ తేలని విషయం కాదు, 1986లోనే తేలిపోయింది. కేరళలో ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు, పదో తరగతి, తొమ్మిదో తరగతి, ఐదో తరగతి, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం వాళ్లు. తమ దేవుడి ప్రార్థనలో తప్ప అలాంటి మరే కార్యక్రమంలోనూ గొంతు కలపకూడదని వాళ్ల విశ్వాసం. రోజూ అందరితో పాటు మర్యాదగా నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. బడిలో ఎవరికీ అభ్యంతరం లేదు. ఒక ఎమ్మెల్యే ఈ సంగతిని శాసనసభలో లేవనెత్తాక కమిటీ వేశారు. పిల్లలు గీతాన్ని అవమానించలేదని ఆ కమిటీయే తేల్చింది. అయినా 1985 జులైలో వాళ్లను బడి నుంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయిన కుటుంబం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1986 ఆగస్టులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్ ఇచ్చిన తీర్పు (బిజో ఇమ్మాన్యుయేల్ కేసు) స్పష్టంగా ఉంది. జాతీయ గీతం పాడి తీరాలని చెప్పే చట్టం ఏదీ దేశంలో లేదు. పాడుతున్నప్పుడు లేచి నిలబడితే గౌరవం చూపినట్టే, నోరు కలపకపోవడం అవమానం కాదు. విద్యాశాఖ సర్క్యులర్లు చూపించి పిల్లల్ని పంపేయడం రాజ్యాంగంలోని 19(1)(ఎ), 25(1) అధికరణాలకు విరుద్ధం. పిల్లల్ని తిరిగి చేర్చుకుని, చదువు ఆటంకం లేకుండా సాగనివ్వమన్నారు. చిన్నప్పరెడ్డి గారు అంతకుముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా చేసినవారు. ఇది క్లాసులో చెబితే పిల్లలు కాస్త నిటారుగా కూర్చునేవాళ్లు.

ప్రాథమిక విధుల సంగతేమిటి అంటారు. 51ఎ అధికరణ జాతీయ పతాకాన్నీ గీతాన్నీ గౌరవించమంటుంది. నిలబడటం ఆ గౌరవమేనని కోర్టు చెప్పింది కదా. ఇక 1971 నాటి జాతీయ గౌరవ అవమానాల నిరోధక చట్టం ఉంది. గీతం పాడకుండా కావాలని అడ్డుకున్నా, పాడుతున్న సభను చెదరగొట్టినా మూడేళ్ల దాకా జైలు అంటుంది. మౌనంగా నిలబడటం ఆ నేరంలోకి రాదు. కేంద్ర హోంశాఖ ఆదేశాలు కూడా బడి రోజును సామూహికంగా గీతం పాడటంతో మొదలుపెట్టవచ్చు అంటాయి తప్ప, పాడని పిల్లవాడికి శిక్ష రాయలేదు.

మీ అబ్బాయి స్కూలు వాళ్లు దీన్ని ఒప్పుకోకపోయినా ఇంకో చిక్కుంది. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఎలిమెంటరీ చదువు, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా పిల్లవాణ్ణి బడి నుంచి తీసేయకూడదు. కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. ఎండలో నిలబెట్టి పాఠం పోగొట్టడం దేని కిందకు వస్తుందో హెడ్మాస్టర్‌కు తెలియంది కాదు. మరి ఏ కర్ర చూపించి తప్పనిసరి చేస్తారు?

మా బడిలోనూ ఒకసారి కేరళ లాంటి పరిస్థితే వచ్చింది. ఎనిమిదో తరగతిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, అదే విశ్వాసం. చేతులు పక్కన పెట్టుకుని కదలకుండా నిలబడేది, నోరు తెరిచేది కాదు. మా లెక్కల సారుకు కోపం వచ్చింది. ఆయన మంచి మనిషి, వాళ్ల నాన్న సైన్యంలో చేశారు, ఆ కోపంలో నిజాయితీ ఉంది. అమ్మాయి తండ్రిని పిలిపించారు. ఆయన స్టాఫ్‌రూమ్‌లో చేతులు కట్టుకుని, "మా పిల్ల జెండాను గానీ పాటను గానీ ఎప్పుడైనా చులకన చేస్తే మీరు ఏ శిక్ష వేసినా సరే సార్" అన్నారు. నేను తీర్పు సారాంశం తెలుగులో రెండు పేజీలు రాసి హెచ్ఎం గారి టేబుల్ మీద పెట్టాను. లెక్కల సారు చదివి, "కోర్టు చెప్పింది కాబట్టి ఒప్పుకుంటున్నా, మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అంతకుమించి ఆయన దగ్గర ఎవరం ఏం ఆశిస్తాం?

అసలు పరీక్ష పిల్లల నుంచి వచ్చింది. "ఆ అమ్మాయి పాడకపోతే మేమూ మానేయొచ్చా సార్?" అని వెనక బెంచీ నుంచి అడిగారు. మానేస్తే కొట్టను గానీ, ఆ అమ్మాయిలా ఒక్క వేలు కూడా కదపకుండా నిలబడి చూపించండి అన్నాను. కొందరు ప్రయత్నించారు. ఊరికే నిలబడటం పాడటం కంటే కష్టమని వాళ్లకు తొందరగానే అర్థమైంది. మళ్లీ పాటలో పడ్డారు. ఒకరికి మినహాయింపు ఇస్తే అందరూ మానేస్తారన్న టెన్షన్ మా స్టాఫ్‌రూమ్‌లో ఉన్నంతగా గ్రౌండ్‌లో లేదు.

తప్పనిసరి చేయాలనేవాళ్ల వాదన నేను తేలిగ్గా తీసుకోను. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. అలవాటు చిన్నప్పుడే పడాలి, నిజమే. ఒకే పాటను ఒకే సమయంలో అందరూ కలిసి పాడటంలో ఉన్న బలం నేను కళ్లారా చూశాను. ఇటుక బట్టీల్లో పనికి వచ్చిన ఒడియా కుటుంబం వాళ్ల అబ్బాయి ఒకడు మా బడిలో చేరాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. ప్రతిజ్ఞకు మౌనం, వార్తలకు మౌనం. జాతీయ గీతం దగ్గరికి వచ్చేసరికి అందరికంటే గట్టిగా పాడేవాడు, ఆ బడిలో వాడికి తెలిసినది అదొక్కటే. అందుకే గీతాన్ని అసెంబ్లీ నుంచి తీసేయాలి, ఇష్టమైనవాళ్లే రావాలి అనేవాళ్లతో నేను ఏకీభవించను. అసెంబ్లీకి రావడం తప్పనిసరి, నిలబడటం తప్పనిసరి. అలవాటు పడటానికి ఆ రెండూ చాలు.

పెద్దవాళ్ల విషయంలో ఏమైందో గుర్తుంది కదా. 2016 నవంబరులో సినిమా హాళ్లలో గీతం తప్పనిసరిగా వేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. హాళ్లలో ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు అని గొడవలయ్యాయి. 2018 జనవరిలో అదే కోర్టు దాన్ని ఐచ్ఛికం చేసింది. అమెరికాలోనూ 1940లో పిల్లలు జెండాకు వందనం చేయాల్సిందే అన్న సుప్రీంకోర్టు, మూడేళ్లకే, అదీ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, బలవంతం కూడదని తన తీర్పును తానే తిరగరాసుకుంది.

పాడని పిల్లల గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, పాడేవాళ్లకు అందులో ఏముందో చెప్పామా? నా బాధంతా ఇదే. ఒకసారి ఏడో తరగతిలో అడిగితే, ఉత్కళ పక్కన ఉన్న వంగ అంటే వంకాయ తోట అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది, కానీ సరైన జవాబు చెప్పినవాడు ఎవడూ లేడు. ఆ వారమే ప్రార్థన జరిగే చోట భారతదేశం పటం తగిలించాం. రోజుకో పేరు, ఒక పిల్లవాడు కర్రతో చూపించాలి. వంగ అంటే బెంగాల్. ఉత్కళ అంటే ఒడిశా, చూపించింది ఆ బట్టీల అబ్బాయే. సింధు దగ్గర "అది పాకిస్థాన్‌లో ఉంది కదా సార్" అని మరొకడు పట్టుకున్నాడు. ఆ మాట తీసేయమని కొందరు కోర్టుకు కూడా వెళ్లారనీ, 2005లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదనీ చెప్పాను. 1919లో ఠాగూర్ మదనపల్లెలోని థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడే ఈ గీతాన్ని ఇంగ్లీషులోకి రాశారనీ, కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దీని బాణీకి స్వరలిపి రాశారనీ చెబితే, "మన మదనపల్లెలోనా?" అని నమ్మలేదు. ఆ నెల దాటేసరికి గ్రౌండ్‌లో శబ్దమే మారిపోయింది. లీడర్ల లిస్టులతో రానిది పటంతో వచ్చింది.

ఇంకో మాట, మీ ప్రశ్నకు కాస్త పక్కదే అయినా. చాలా స్కూళ్లలో ఇప్పుడు రికార్డు వేస్తున్నారు. స్పీకర్ పాడుతుంది, పిల్లలు కారిడార్లలో నిలబడి వింటారు. అలా వినిపించే బడి 'పాడలేదు' అని పిల్లవాణ్ణి నిలదీయడం నాకు మింగుడుపడదు. మీ స్కూల్లో ఏది జరుగుతోందో ఒకసారి కనుక్కోండి.

మీరు చేయాల్సింది చెబుతాను. ముందు మీ అబ్బాయి పేరు కూడా లిస్టులో ఉందేమో, ఉంటే ఎందుకు పాడటం లేదో ఇంట్లో మెల్లగా అడగండి. చాలాసార్లు మాటలు రాకపోవడమే కారణం, రెండు సాయంత్రాలు కలిసి పాడితే సరిపోతుంది. తర్వాత క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లండి, పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్లకండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, అక్కడ మొదలైతే అది దేశభక్తి గొడవగా మారి మీ అబ్బాయి నెత్తికే చుట్టుకుంటుంది. నిలబెట్టడం ఆగకపోతే హెడ్మాస్టర్‌కు కాగితం మీద రాసివ్వండి: బిజో ఇమ్మాన్యుయేల్ వర్సెస్ కేరళ ప్రభుత్వం, సుప్రీంకోర్టు, 1986, విద్యాహక్కు చట్టం, సెక్షన్ 17. కింద మీ సంతకం, తేదీ వేసి, ఒక కాపీ మీద వాళ్ల చేత అందినట్టు రాయించుకోండి. అప్పటికీ వినకపోతే ఆ కాపీ పట్టుకుని ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు వెళ్లండి.