స్ప్రింట్‌లో గెలిచాడు, ఎ లెవెల్స్ మానేస్తానంటున్నాడు

ప్రశ్న: మేం కార్డిఫ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి 17 ఏళ్లు. ఈ వేసవిలో వేల్స్ జూనియర్ పోటీల్లో 200 మీటర్లు గెలిచాడు. ఎ లెవెల్స్ (మన ఇంటర్ లాంటి చదువు) రెండో ఏడాది మానేసి పూర్తిగా పరుగు మీదే ఉంటానంటున్నాడు. అడిగితే స్ప్రింటర్ క్రిస్టియన్ మాల్కమ్ పేరు చెబుతున్నాడు. మాకు ఒకటే టెన్షన్. ఒప్పుకోమంటారా? - ఒక తల్లి

జవాబు: వద్దమ్మా, చదువు మాన్పించకండి. పరుగు కూడా మాన్పించకండి.

మీవాడు మంచి పేరే చెప్పాడు. ఆ కెరీర్‌ని మొదటి నుంచి చివరిదాకా వాడితో కలిసి చూడండి. కార్డిఫ్‌లోనే పుట్టిన మాల్కమ్ 1998లో, 19 ఏళ్లకే ప్రపంచ జూనియర్ పోటీల్లో 100, 200 మీటర్లు రెండూ గెలిచాడు. అదే ఏడాది కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో వేల్స్‌కి 200 మీటర్ల రజతం తెచ్చాడు. సిడ్నీ ఒలింపిక్స్‌లో ఐదో స్థానం, ఎనిమిదేళ్ల తర్వాత బీజింగ్‌లోనూ ఐదో స్థానమే. ఒలింపిక్ పతకం మాత్రం దక్కలేదు.

200 మీటర్లలో అతని అత్యుత్తమ టైమింగ్ 20.08 సెకన్లు. అది 2001లో, 22 ఏళ్ల వయసులో వచ్చింది. తర్వాత పదమూడేళ్లు పరిగెత్తినా దాన్ని దాటలేకపోయాడు. అయినా వదల్లేదు. 2010 బార్సిలోనా యూరోపియన్ పోటీల్లో, 31 ఏళ్ల వయసులో 20.38కి రజతం గెలిచాడు. స్వర్ణం తీసుకున్న ఫ్రాన్స్ రన్నర్ లెమేత్ర్ టైమింగ్ 20.37. అదే ఏడాది మన ఢిల్లీలో కామన్వెల్త్ కాంస్యం కూడా. అంత ఓపిక ఎందరికి ఉంటుంది చెప్పండి!

2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల తర్వాత రిటైరయ్యాడు. అప్పటికి 35 ఏళ్లు. వేరే ఉద్యోగాల్లో మనిషి కుదురుకునే వయసది. అతను కోచింగ్‌లోకి వెళ్లి ఆస్ట్రేలియా అథ్లెటిక్స్‌లో పెద్ద బాధ్యత చూశాడు, 2020లో బ్రిటిష్ అథ్లెటిక్స్ హెడ్ కోచ్ అయ్యాడు. కాళ్లలో వేగం ఉన్నంత మాత్రాన అలాంటి పదవులు రావు. మనుషుల్ని నడపడం, ప్లాన్ రాయడం, ట్రైనింగ్ వెనకున్న సైన్స్ తెలియాలి. కార్డిఫ్‌వాడే అయిన నైజెల్ వాకర్ 1992 ఒలింపిక్స్‌కి ఎంపిక కాక హర్డిల్స్ వదిలి రగ్బీలో వేల్స్ తరఫున ఆడాడు, ఆపైన బీబీసీ వేల్స్‌లో స్పోర్ట్స్ విభాగాన్ని నడిపాడు.

డబ్బు సంగతీ చెప్పాలి. బ్రిటన్‌లో నేషనల్ లాటరీ నిధుల నుంచి క్రీడాకారులకు సాయం అందేది కొద్దిమందికే, అదీ పతకం తెస్తారన్న నమ్మకం ఉంటేనే. జూనియర్ టైటిల్ ఒక్కటే చూపిస్తే రాదు. తొడ కండరం ఒక్కసారి పట్టేస్తే సీజనంతా పోవచ్చు.

మీకున్న అదృష్టం ఏంటంటే, కార్డిఫ్ మెట్ యూనివర్సిటీ కిన్‌కోయిడ్ క్యాంపస్‌లోనే నేషనల్ ఇండోర్ అథ్లెటిక్స్ సెంటర్ ఉంది. క్లాసూ ట్రాకూ ఒకే ఆవరణలో. అక్కడి స్పోర్ట్స్ కోర్సులు చూడండి, జనవరి గడువులోపు యూకాస్ (బ్రిటన్ యూనివర్సిటీల ఉమ్మడి అడ్మిషన్ల సంస్థ) దరఖాస్తు పెట్టించండి. ముందుగా కోచ్‌ని, కాలేజీ ట్యూటర్‌ని ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడండి. ఈ వయసులో వారానికి నిజంగా ఎన్ని గంటల ప్రాక్టీస్ కావాలో మీవాడి ముందే కోచ్‌ని అడగండి.