ముందు డబ్బా పెట్టండి, పేరు తర్వాత పెట్టుకోవచ్చు

ఫైన్ ఆర్ట్స్ పూర్తిచేసిన నలుగురు స్నేహితులు కలిసి గ్రూపుగా పనిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. విజయవాడలో మేం ఐదుగురం ఈ పని రెండుసార్లు చేశాం. మొదటిసారి ఎనిమిది నెలలకే విడిపోయాం.

అప్పుడు మాకు పేరుంది, లోగో ఉంది, రాత్రి రెండింటి దాకా చర్చలున్నాయి. గది అద్దెకే డబ్బుల్లేవు. ఎవరి బొమ్మ అమ్ముడైతే వాళ్ళు కట్టాలనుకున్నాం. తీరా ఒక్కడివే అమ్ముడయ్యాయి. మూడో నెలకల్లా వాడికి మేం బరువు, మాకు వాడి మొహం చూస్తే చిరాకు.

ఆ తర్వాత ఓసారి చెన్నై వెళ్ళి, ఇంజంబాక్కంలోని చోళమండల్ ఆర్టిస్ట్స్ విలేజ్ చూశాను. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు, తోటి చిత్రకారులు మొదలుపెట్టిన ఊరది. వాళ్ళు పెయింటింగులనే నమ్ముకుని కూర్చోలేదు. బాటిక్ (మైనం అద్ది బట్టకి రంగులేసే పని) లాంటి చేతిపనులు చేసి అమ్మి, ఆ డబ్బుతో నిలదొక్కుకున్నారు. పొట్టకూటికి అందరూ కలిసి చేతిపని, పెయింటింగ్ మాత్రం ఎవరిది వాళ్ళది. మా బుర్రకి తట్టనిది అదే.

రెండోసారి గోడల మీద బొమ్మలేసే పని పట్టుకున్నాం. వచ్చిన డబ్బులో నూటికి ఇరవై అందరి ఉమ్మడి డబ్బాలోకి, మిగతాది ఎవరెన్ని రోజులు పనిచేస్తే ఆ లెక్కన. మొదటిది ఒక స్కూలు గోడ, నలభై అడుగులు: కృష్ణ ఒడ్డు, పడవలు, గేదెలు. ప్రైమర్ కొట్టి, చాక్‌పీసుతో గళ్ళు గీసుకుని తలా కొంత పంచుకున్నాం. నేను అన్నం తినొచ్చేసరికి నా గేదెకి ఒకడు నీలం కొమ్ములు పెట్టేశాడు! బ్రష్షు అక్కడే పడేసి వచ్చేశాను. సాయంత్రం రోడ్డవతల టీ బండి దగ్గర నిలబడి చూస్తే, ఐదుగురి చేతులు ఐదు రకాలుగా ఉన్న గోడని ఆ నీలమే ఒకటి చేస్తోంది. ఆ మాట వాడితో ఇప్పటికీ అనలేదు లెండి.

అప్పట్నుంచి గీతలన్నీ ఒకరే గీస్తారు, రంగులు అందరం వేస్తాం. ఇదేం మేం కనిపెట్టింది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళు కలంతో గీత గీస్తే, మిగతావాళ్ళు రంగులు నింపడం ఎప్పట్నుంచో ఉన్నదే. గీత ఎవరిదన్నది మాత్రం పని మొదలవకముందే తేల్చుకోండి. గోడ మీద తేల్చుకుంటే ఖర్చెక్కువ.

అభిరుచులు కలవాలా అంటే, అక్కర్లేదు. మాలో ఇద్దరికి ఒకరి పెయింటింగులంటే ఒకరికి పడదు. అయినా ఆరేళ్ళుగా కలిసే చేస్తున్నారు. దానికంటే ముందు, బ్రష్షులు కడిగే వంతులు కాగితం మీద రాసి గోడకి అంటించండి. నవ్వకండి, వాళ్ళిద్దరూ వారం రోజులు మాట్లాడుకోనిది దీని మీదే.