బొమ్మ కింది పేరు

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

పాతకాలపు పక్షుల బొమ్మల మీద పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఈకల నునుపు గురించి, రంగుల గురించి రాసిన భాగం బాగుంది కానీ, కలకత్తా ప్రధాన న్యాయమూర్తి భార్య మేరీ ఇంపే ‘గీసిన’ పక్షులు అన్న చోట ఆగిపోయాను. ఆవిడ గీయలేదమ్మా, గీయించింది. 1777 మొదలుకొని ఆవిడ పెంచిన పక్షులనూ జంతువులనూ చూసి మూడు వందలకు పైగా బొమ్మలు వేసినవారు పాట్నా నుంచి వచ్చిన షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రామ్‌దాస్. మొగలు సంప్రదాయంలో చెయ్యి తిరిగిన ఆ ముగ్గురూ ఇంగ్లండు కాగితం మీద, దొరలకు నచ్చే తీరులో గీస్తూనే పారసీ లిపిలో తమ పేర్లు రాసుకున్నారు కనుక మనకు తెలిశారు. హిమాలయాల్లోని మోనాల్ పక్షి శాస్త్రీయ నామంలో నిలిచింది మాత్రం ఇంపే పేరు.

మన తీరం సంగతీ అంతే. ప్రకృతి పరిశోధకుడైన పాట్రిక్ రసెల్ దొర విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. అందులో ఎన్నో చేపలకు మన వాళ్ల నోటి పేర్లే ఉన్నాయి. ముట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కించే చేప అక్కడా ‘తిమిరి’యే. ఆ మాట అందించిన జాలరి పేరు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు.

ఎదుటివాణ్ణి తప్పుపట్టే ముందు నా తప్పూ చెప్పుకోవాలి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగొట్టు కొంగలు గూళ్లు కడతాయి. పెద్ద కొంగ ముక్కు మూసినా నడుమ సందు కనిపిస్తుంది. పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. చచ్చిన పెద్ద కొంగను ముందు పెట్టుకొని గూటిలోని పిల్లను ఊహించి గీసేవాడు ఇక్కడే దొరికిపోతాడు. ఈ తేడా నాకు చూపించింది చింతచెట్టు కింద పశువులు కాసుకుంటున్న ఒక పెద్దాయన. నలభై ఏళ్ల కిందట ఒక వారపత్రికకు రాసినప్పుడు అదంతా నా పరిశీలన అన్నట్టే రాసుకున్నాను, మెప్పూ పొందాను. ఆయన పేరైనా అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.

కాబట్టి ఒక్కో బొమ్మ దగ్గరా పక్షిని పట్టిందెవరు, డబ్బిచ్చిందెవరు, కుంచె పట్టిందెవరు, బతికున్న పక్షినా చచ్చినదాన్నా చూసి గీశారు అని విడివిడిగా వెతికి, దొరికినంత మేరకే రాయి. తేలుకుంచి వెళ్లదలిస్తే వానాకాలంలో వెళ్లు, గూళ్లు అప్పుడే ఉంటాయి. వ్యాసం తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు