మొహమాటస్తుడు తాగుడు మానగలడా?

తమ్ముడు రెండుసార్లు తాగుడు మానేసి మళ్లీ మొదలుపెట్టాడని, అతని స్వభావమే అంత, ఇక మారడని ఇంట్లో అంటున్నారని, అది నిజమేనా అని మీరు అడిగారు. నిజం కాదని, పదకొండేళ్లుగా మా అన్నయ్యను చూస్తున్న చెల్లెలిగా గట్టిగా చెప్పగలను.

మా అన్నయ్య గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. తెల్లవారకముందే లేచి వెళ్లి, వందలాది టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలో ఒక్క కిలో తేడా రానివ్వని ఆ మనిషికి సంకల్పబలం లేదని బంధువులందరూ తీర్మానించారు. అతని నోట రానిదల్లా ‘వద్దు’ అన్న ఒక్క మాటే.

తాగుడు మానడానికి మొదటిసారి చికిత్స పొంది వచ్చిన అయిదు నెలలకు తెనాలిలో మా మేనమామ కూతురి పెళ్లి జరిగింది. ముందు రోజు రాత్రి మగవాళ్లంతా డాబా మీద కూర్చున్నారు. నేను మంచినీళ్లు తీసుకుని పైకి వెళ్లేసరికి మామయ్య గ్లాసు నింపి, "నా కూతురి పెళ్లిరా అల్లుడూ, నా చేత్తో ఇస్తున్నాను, కాదనకు" అంటున్నాడు. అన్నయ్య ఆ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తరువాత తలెత్తి, ఆ ఒక్క మాట తన తరఫున నన్ను అనమన్నట్లుగా నా వైపు చూశాడు. పెద్దవాళ్ల మధ్య నోరు విప్పడానికి జంకి, నేను నీళ్లు అక్కడ పెట్టి కిందికి వచ్చేశాను. ఆ రాత్రి మొదలైన తాగుడు పద్నాలుగు నెలలు ఆగలేదు.

ఆ రోజుల్లోనే, అతనికి తెలియకుండా సాంబారులో మాత్రల పొడి కలపమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఆ మాత్రలు డైసల్ఫిరామ్ అనే, తాగుడు మాన్పించడానికి వాడే మందు. అది శరీరంలో ఉండగా మద్యం తాగితే గుండెదడ, వాంతులు వచ్చి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రోగికి తెలియకుండా ఇవ్వకూడని మందును ఇల్లాళ్ల చేతికి ఇంత తేలికగా అందించేవారిని చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అమెరికా మనోవైద్యుల సంఘం 1952లో ప్రచురించిన మానసిక రుగ్మతల తొలి వర్గీకరణలో వ్యసనాన్ని వ్యక్తిత్వ రుగ్మతల కిందే చేర్చారు. 1980 నాటి మూడవ కూర్పులో దానిని విడదీశారు. మన ఇళ్లలో ఆ పాత తీర్పు ఇంకా చెరగలేదు. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికులలో అత్యధికులు స్వదేశానికి వచ్చాక మళ్లీ బానిసలు కాలేదని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1970లలో చూపించారు. వారి స్వభావాలు విమానం దిగగానే మారిపోయి ఉండవు. చుట్టూ ఉన్న మనుషులు మారారు.

రెండవసారి చికిత్స తరువాత అన్నయ్య, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే బృందం సమావేశాలకు వెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ పరిచయమైన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ప్రతి సాయంత్రం మా గేటు ముందు సైకిలు ఆపి, "బాబూ, వెళ్దామా?" అని పిలిచేవారు. అంత పెద్దాయన ఎండలో తొక్కుకుంటూ వస్తే ఎలా కాదనడమని అన్నయ్య చొక్కా వేసుకుని బయలుదేరేవాడు. మొదటి నెలల్లో అతనిని నడిపించింది మానాలన్న కోరిక కంటే ఆ మొహమాటమేనని నా నమ్మకం. తరువాత సమావేశంలో టీ కాచే బాధ్యత అప్పగించారు. వచ్చినవారికి టీ అందదేమోనన్న బెంగతో జ్వరం వచ్చిన రోజు కూడా వెళ్లాడు.

నేను చూసినంతలో కోపిష్టి మనుషులు ఒక్క అవమానంతో ఒంటరిగా మానేయగలరు. మెత్తనివారికి మాత్రం రోజూ గేటు దగ్గర నిలబడి పిలిచే మనిషి కావాలి. మీ తమ్ముడు ఆ రెండుసార్లూ ఎవరి చేతి గ్లాసు అందుకున్నాడో ముందుగా కనుక్కోండి. ఆ మనిషితో మాట్లాడవలసింది మీరే. మీ తమ్ముడిచేత మాట్లాడించాలని చూడకండి. ఆనాడు డాబా మీద నేను చేయవలసి ఉండి చేయలేకపోయిన పని అదే.