డిగ్రీలో అత్తెసరు మార్కులతో విదేశాల్లో ఎంబీబీఎస్ సీటు వస్తుందా?

వస్తుంది. బీఎస్సీ మార్కుల గురించి దిగులు పడకండి. రష్యా, జార్జియా, కిర్గిజ్‌స్తాన్ వంటి దేశాల్లో ఇంటర్ తర్వాత నేరుగా చేరే కోర్సులే ఉంటాయి కాబట్టి ప్రధానంగా చూసేది బైపీసీ మార్కులనే. తిరిగివచ్చి ఇక్కడ వైద్యం చేయాలంటే మాత్రం ముందే నీట్‌లో అర్హత సాధించి ఉండాలి. ఆ ఫలితం విదేశీ ప్రవేశాలకు మూడేళ్లు చెల్లుతుంది.

అసలు చిక్కు సీటుతో కాదు, ఆ తర్వాతే. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం కోర్సు ఆంగ్ల మాధ్యమంలో కనీసం 54 నెలలు సాగాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో వైద్యం చేసే అర్హతా దక్కాలి. పాఠం ఇంగ్లీషులో విన్నా, కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లోని ఆసుపత్రి వార్డులో రోగి తన నొప్పి ఎక్కడో చెప్పేది రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో. మొదటి ఏడాదే ఆ భాష పట్టుకోకపోతే మంచం పక్కన నిలబడినా ఏమీ నేర్చుకోలేరు.

వచ్చాక, విదేశాల్లో వైద్యం చదివినవారికి ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో 300కు 150 రావాలి. రాసినవారిలో ఎక్కువమంది తప్పే పరీక్ష ఇది. అందుకే డిగ్రీలో మార్కులు ఎందుకు తగ్గాయో, చదవకనా, ఇంటి ఇబ్బందుల వల్లనా అన్నది నిజాయితీగా తేల్చుకోండి. ఆ తర్వాతే ఇంట్లో పొలం అమ్మే మాట ఎత్తండి.