సబ్బు డబ్బా వెనక చదివావా?

బుజ్జీ,

స్నానాల నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు కూరగాయల మడులకు మళ్లిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వానల్లేని చోట ఉంటూ ఆ పని తలపెట్టావంటే గర్వంగా అనిపించింది, వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

నీకు తెలిసినవే గబగబా చెప్పేస్తా. గిన్నెలు కడిగిన నీళ్లు వద్దు, జిడ్డు పైపుల్లో పేరుకుంటుంది. పాప పక్కగుడ్డలు ఉతికిన నీళ్లు, బ్లీచింగ్ వాడిన రోజు నీళ్లు కాలువలోకే పోవాలి, అందుకే అటూ ఇటూ తిప్పుకునే వాల్వ్ పెట్టించు.

అసలు సంగతి సబ్బు. మీ బాబాయి ఏం చేశాడో నీకు గుర్తుండదు, చిన్నదానివి. మెషీన్ పైపు తిన్నగా వంగ మడిలోకి వదిలాడు. మొదట్లో మొక్కలు ఏపుగా వచ్చాయి, రండి వదినా చూడండి అని ఒకటే సంబరం. ఎండలు ముదిరేసరికి ఆకుల అంచులు మాడడం మొదలైంది, నీళ్లు చాలట్లేదేమోనని ఇంకా ఎక్కువ వదిలాడు. మట్టి మీద తెల్లటి పొర కట్టింది. పోసిన నీళ్లు ఇంకకుండా పళ్లెంలో పోసినట్టు నిలబడేవి. పురుగేమో అని మందు కూడా కొట్టాడు పాపం! పొడి సబ్బుల్లో సోడియం ఉప్పులు ఎక్కువ. అవి బంకమట్టి రేణువుల్ని విడగొట్టి నేలలో సందులు మూసేస్తాయి. వానలు బాగా పడితే కొట్టుకుపోతాయి, లేకపోతే అక్కడే తిష్ట వేస్తాయి. మట్టిలోని సోడియాన్ని వదిలించే జిప్సం పొడి వేసి, మంచినీళ్లతో మళ్లీ మళ్లీ తడిపితే గానీ ఆ మడి తేరుకోలేదు, అదీ సగమే.

కాబట్టి సోడియం తక్కువున్న లిక్విడ్ కొను, బోరాక్స్ ఉంటే ముట్టుకోకు, అందులోని బోరాన్ ఎక్కువైతే మొక్కలకు విషం. నీళ్లు రోజూ ఒకే మడికి కాకుండా మార్చి మార్చి వదులు, మధ్యమధ్యలో మంచినీళ్లు పట్టు.

ఇంకో భయం ఉంది, నవ్వినా సరే. పాప నడుస్తోంది, చేతికి దొరికింది నోట్లో పెట్టుకునే వయసు. క్యారెట్, ముల్లంగి, పచ్చిగా తినే ఆకులకు ఈ నీళ్లు వద్దే వద్దు. టమాటా, వంగ, చిక్కుడుకైతే మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచి వాటి కింద వదులు, ఆకుల మీద చల్లకు.

నీళ్లు పట్టి ఉంచడానికి డ్రమ్ము కొన్నావట. ఎందుకే? ఒక రోజు దాటితే కంపు కొడుతుంది, దోమలు చేరతాయి. పైగా మూత లేదని మీ అమ్మ అంది, ఇంట్లో పాపను పెట్టుకుని! ఈ ఉత్తరం చదవగానే ముందు ఆ డ్రమ్ము బోర్లించు, వాల్వ్ సంగతి రేపు చూసుకోవచ్చు.

మీ పెద్దమ్మ